బిడ్డ లేని పురుడు

కుంపటిలో సాంబ్రాణి వేసి, పొగకు మండిన కళ్లను కామమ్మ కొంగుతో తుడుచుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. గది కిటికీలు మూసి ఇది మూడో రోజు. మంచం కింద నిప్పులు, గూట్లో వెల్లుల్లి, బాలింతలు తినే కాయం ఉండలు, పక్కన మడతపెట్టిన పాతచీరలు. పురిటిగదికి కావలసినవన్నీ ఉన్నాయి. ఏడ్చే బిడ్డ మాత్రం లేదు.

మంచం మీద చెంచులక్ష్మి మూలుగుతోంది. బియ్యం మిల్లు రంగనాయకులు భార్య ఆమె. ఆమె నాలుగు కాన్పులూ కామమ్మ చేతి మీదే జరిగాయి.

కామమ్మది మైపాడు దగ్గరి పట్టపుపాలెం. మొగుడు నరసయ్య సముద్రాన్ని నమ్ముకుంటే, తను పురుళ్లను నమ్ముకుంది. నడికట్టు కట్టడంలో ఆమె చేతికి పేరుంది. కాన్పయిన మర్నాటి నుంచీ పాతచీరతో పొట్టను బిగించి చుడితే బాలింత నడుము మళ్లీ కన్నెపిల్ల నడుమవుతుందని ఆ చుట్టుపక్కల నమ్మకం. పురిటికి కుంచెడు వడ్లు, ఒక పాతచీర ఇస్తారు. ఈసారి చెంచులక్ష్మి అత్తగారు వెంకటశేషమ్మ తెరకట్టిన బండి పంపి, రోజుకు రెండు రూపాయలు ఇస్తానంది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి రోజుకు రెండు రూపాయలంటే ఎవరికి అనుమానం రాదు?

"మద్రాసులో కడుపులో గడ్డ కోసినారే" అని మొదటిరోజే చెప్పింది వెంకటశేషమ్మ. "డాక్టరు వేసిన కట్టు ఇప్పబాక. దాని పైన బాలింతకు కట్టినట్టే బిగించి కట్టు. నీళ్లు అడిగినా ఇయ్యబాక, పొట్టకు నీరు పడతాది."

ఊరి మాట వేరు. చెంచులక్ష్మి మద్రాసు పోయి కడుపు తీయించుకొచ్చిందని మిల్లులో బియ్యం చెరిగే ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. మొగుడేమో ఆరు నెలలుగా నెల్లూరు వదలి రావడం లేదు, మరి కడుపెలా వచ్చిందని బుగ్గలు నొక్కుకుంటున్నారు. నిజం చెప్పాలంటే కామమ్మ కూడా అలాగే అనుకుంది. మూడు రోజులుగా ఆ ఇల్లాలి ముఖం సూటిగా చూడకుండా పని చేసింది.

ఈ మధ్యాహ్నం పైకట్టు తడిసి, పసుపుపచ్చని మరక తేలింది. ఆ వాసన కామమ్మకు తెలుసు. మునుపొకసారి పాలెంలో ఆ వాసన వచ్చిన బాలింత మూడో రోజుకు దక్కలేదు. అత్తగారు వంటింట్లో ఉండటం చూసి, డాక్టరు కట్టు కూడా విప్పింది.

చిరిగిన వలను కుట్టినట్టు, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఒకటే కుట్టు. ఒక మూల కుట్లు విచ్చుకుని చీము కారుతోంది. కానీ కామమ్మ చూపు ఆగింది అక్కడ కాదు. నాలుగు కాన్పుల చారలు, జారిన మడతలు తనకు తన అరచేతి గీతలంత తెలుసు. వాటిలో సగం పైగా లేవు.

"అమ్మణ్ణీ, గడ్డ కోస్తే గడ్డ పోవాల. నీ పొట్ట మీద తోలెట్లా పోయింది?"

చెంచులక్ష్మి ముఖం గోడవైపు తిప్పుకుంది. ఒళ్లు పెనంలా కాలుతోంది.

"గడ్డా లేదు, ఏమీ లేదు కామమ్మా. వేలాడే తోలు కోయించినారు."

"ఎందుకు తల్లీ?"

"ఆయన నెల్లూరులో ఇంకో కాపరం పెట్టినారు. నీ పొట్ట చూస్తే నలుగురిలో నాకు తలవంపులుగా ఉండాది, అది పోతే నిన్నే తీసకపోతా అన్నారు. నలుగురు బిడ్డల్ని పెట్టుకోని నేనేం చేసేది? డాక్టరు పదిహేను దినాలు ఆస్పత్రిలోనే ఉండమన్నాడు. తెలిసినోళ్లు ఎవరన్నా చూస్తారని ఆరో దినాన్నే నన్ను రైలెక్కించినారు." పెదవులు తడుపుకోబోయింది, నాలుక ఎండిపోయింది. "దాహం కామమ్మా."

కామమ్మకు సిగ్గేసింది. మనసులో ఈ మనిషిని ఎన్ని మాటలంది! ఆ పైన భయమేసింది. పచ్చి కోతను మూడు రోజులుగా నలిపినవి ఎవరి చేతులు? తన పేరున్న చేతులే.

వెంకటశేషమ్మ లోపలికి వచ్చింది. విప్పిన కట్టు చూసి ముఖం చిట్లించి, తడిసిన గుడ్డను కొనవేళ్లతో ఎత్తుకుంది. రోజూ పైగుడ్డలు మార్చగానే ఆమే స్వయంగా దొడ్లో పొయ్యిలో వేసి కాలుస్తోంది.

"పెద్దమ్మా, చీము పట్టింది. ఇక్కడ ఆస్పత్రిలో నవోమి నర్సమ్మ ఉండాది గదా, పిలిపీండి. గబగబా నడిస్తే అరగంట."

"నర్సొస్తే ఆమె యెనకాల ఊరంతా వస్తాది. ఇంకో రెండు చుట్లు బిగించు, అదే మానతాది."

గడప దగ్గర రంగనాయకులు నిలబడి ఉన్నాడు. నెల్లూరు నుంచి ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. భార్య వైపు చూడలేదు. చేతి గడియారం చూసుకున్నాడు.

"మేము మనిషిని నీ చేతికి అప్పజెప్పినాము. చీము పట్టిందంటే అది నీ కట్టు చేసిన పని. రేపు ఏమన్నా అయితే జనం ఎవురిని అడగతారో నీకు తెలవదా? నోరు మూసుకోని కట్టు."

అప్పటికి కామమ్మకు అంతా అర్థమయింది. తెరబండి ఎందుకు పంపారో, మూడు రోజులుగా తనను ఇంటికి ఎందుకు పోనివ్వలేదో తెలిసింది. ఆ రెండు రూపాయలు కట్టుకు కూలి కాదు, నిందకు కూలి.

భయం లేదని కాదు. పాలెంలో సగం ఆడవాళ్లకు ఇతని మిల్లులోనే పని. మంత్రసాని ఒక పెద్దింటిని కాదంటే పది ఇళ్లు తలుపులు మూసుకుంటాయి. కట్టడానికి తీసిన పాతచీర కొసను ఆమె ఒకసారి వేళ్లకు చుట్టుకుని, మళ్లీ విప్పి మంచం మీద పెట్టింది.

"నేను కట్టనయ్యా."

"ఏందే నువ్వనేది?"

కామమ్మ వంగింది. కుంపటిని మంచం కింది నుంచి లాగేసింది. కిటికీ తెరిచింది. ఉతికిన పలుచని గుడ్డ ఒకటి కోత మీద వదులుగా కప్పింది. గూట్లోని చెంబు అందుకుని చెంచులక్ష్మి తల కింద చెయ్యి పెట్టి లేపితే, ఆమె చెంబెడు నీళ్లూ గటగటా తాగింది. వెంకటశేషమ్మ అడ్డం రాబోయి, కోడలి కళ్లు చూసి ఎందుకో ఆగిపోయింది. ఆమె చేతిలోని తడిగుడ్డను కామమ్మ మెల్లగా తీసుకుంది.

"నర్సమ్మకు చూపించాల గదా" అంటూ తలవాకిలి వైపు కదిలింది.

"అటు కాదు, దొడ్డిదారిన పో!" అని అరిచాడు రంగనాయకులు.

ఇరవై ఏళ్లుగా ఆ ఇంటికి ఆమె దొడ్డిదారినే వచ్చింది, దొడ్డిదారినే పోయింది. కామమ్మ ఆగింది. వెనక నుంచి చెంచులక్ష్మి గొంతు, బలహీనంగానే అయినా, స్పష్టంగా వినిపించింది.

"తలవాకిట్లోంచే పో కామమ్మా. ఎవురన్నా అడిగితే కట్టొద్దన్నది నేనే అని చెప్పు. ఏం కోయించినారో కూడా చెప్పు."

మిల్లు నుంచి కూటికి వెళుతున్న ఆడవాళ్లు చేటలు చంకన పెట్టుకుని వీధిలో నిలబడిపోయారు. కామమ్మ మెట్లు దిగింది. చేతిలోని గుడ్డను కొంగు కింద దాచుకోలేదు. ఎండలో అందరికీ కనబడేట్టు ముందుకు పట్టుకుని, ఆస్పత్రి దారి పట్టింది.