ఆరు ట్రిప్పులూ మంచే

కాగితం మీద ఒక్కటే వాక్యం: ఈ లైను నాకు తెలుసు. కింద డ్రైవరు సంతకం. ఐర్లండ్‌లోనైనా ఆంధ్రాలోనైనా డ్రైవరు తరఫున ఆ మాట ఇంకెవరూ చెప్పరు.

మాది చిన్న కంపెనీ. ముప్ఫై తొమ్మిది కిలోమీటర్ల ఒకే ఒక్క లైను, దాని మీద గూడ్సు బళ్లు తప్ప ఇంకేమీ నడవవు. నూట ముప్ఫై ఏళ్ల కిందట పశువుల్ని ఓడరేవుకు చేర్చడానికి వేశారట. తర్వాత చక్కెర దుంపలు, ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక సిమెంటు, ఇప్పుడు కలప దుంగలు. ఇదంతా మార్టిన్ చెప్పిందే. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఈ లైను డ్రైవరు. నేను ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన రోజే ఆయన ఆఖరి ట్రిప్పు. బాబోయ్, ఆ మనిషి నోరు మూయడు. "ఇక్కడ పశువుల ప్లాట్‌ఫారం ఉండేది రత్నా. అదిగో, దుంపల ఫ్యాక్టరీ గోడ" అని మంచులోకి వేలు చూపించేవాడు. వాలు ఎంతో చెప్పవయ్యా మగడా, గోడ నాకెందుకు అని లోపల విసుక్కునేవాణ్ణి.

రూలు ప్రకారం ఆయన పక్కన ఆరు ట్రిప్పులు కూర్చున్నాను. ఆరుసార్లూ ఉదయం బండే. ఓడరేవు వైపు పల్లానికి దిగే దిగుడులో ఆరుసార్లూ సముద్రపు మంచే. ఆఖరి మూడు కిలోమీటర్లలో ఒక పచ్చలైటు మసగ్గా కనిపించడం తప్ప నేను చూసిందేమీ లేదు.

"ఆరూ అయ్యాయి కదా, యూ ఆర్ గ్రాండ్, ఇంకేం ఫర్వాలేదు" అన్నాడు మేనేజరు. "పన్నెండుకల్లా ఫారం వెళ్లకపోతే సోమవారం నుంచి బండి ఇంకొకరికి." ఫోను మోగితే లోపలికి వెళ్లాడు.

ఆ ఉద్యోగం నాకు కావాలి. మా ఆవిడ దేవకుమారి ఇక్కడ నర్సు. ఆవిడ వెనకాల వచ్చి నాలుగేళ్లు లీక్స్‌లిప్ అనే ఊళ్లో ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు మోశాను. మన దగ్గర నేను గూడ్సు డ్రైవర్నే. ఎందుకు మానేశావని అడిగితే ఆవిడ కోసం అంటాను. అబద్ధం. అప్పుడూ ఇలాగే తొందరపెడితే, సరిగా చూడని సెక్షనుకు సంతకం గీకేశాను. నెల తిరక్కుండా ఎర్ర సిగ్నల్ దాటేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. నా ఉద్యోగం మాత్రం పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేను సంతకం పెట్టను. ఆ దిగుడు నేను చూడలేదు" అన్నాను మార్టిన్‌తో.

ఆయన నావైపు ఒకసారి చూసి, ఫారం మడిచి తన కోటు జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు వచ్చి బల్లంతా వెతికాడు.

"నాలుగింటికి దొరుకుతుందిలే" అన్నాడు మార్టిన్. "నా ఆఖరి బండిలో ఇతను నా పక్కన కూర్చుంటాడు."

మేనేజరుకు అర్థమైంది. మూతి ముడుచుకుని, "నాలుగుదాకా ఆపుతాను. నాలుగు దాటితే నా చేతుల్లో లేదు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఎండ కాసింది. దిగుడులో మార్టిన్ మొదటిసారి నోరు మూసుకున్నాడు. ఫ్యాక్టరీ గోడ మొదట్లోనే బ్రేకు వేశాడు. ఎందుకో తెలియలేదు. గోడ చివర దాటగానే ఎదురుగా ఎర్ర సిగ్నల్! అప్పటిదాకా దాన్ని ఆ గోడే దాచింది. బండి సిగ్నల్ ముందు ఆగింది. సిగ్నల్ చూశాకే బ్రేకు వేసి ఉంటే, అన్ని దుంగలతో ఉన్న బండిని నేనైతే ఆపగలిగేవాణ్ణి కాదు.

మార్టిన్ ఫారం తీశాడు. "ఇప్పుడు తెలుసా?"

"గోడ మొదట్లో బ్రేకు."

"అంతే."

ఓడరేవులో దిగి సంతకం పెట్టి, ఫొటో తీసి మేనేజరుకు పంపేసరికి మూడు నలభై. వెంటనే దేవకుమారి ఫోను.

"ఏవండీ, పన్నెండుకే అన్నారు కదా. సంతకం పెట్టారా?"

"పెట్టాను."

ఆ పాత సంతకం సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు.

"చూసే పెట్టాను, దేవీ."