దాచుకున్న నవ్వు

తల లోపలి సంగతి మా అక్క కూతురిది, తల పై సంగతి నాది. అది లేబొరేటరీలో ఎలుకల మెదళ్లు పరీక్షిస్తుంది, నేను పార్లర్లో జుట్టు కత్తిరిస్తాను. అక్క పోయి ఏడాదైంది. నాకేమో రోజుకోసారైనా అక్క మాట ఎత్తకపోతే తిన్నది అరగదు. ఇదేమో "మీ అమ్మ" అనగానే ఏదో పనుందని లేచిపోతుంది. నాకు ఒళ్లు మండేది.

ఆ రోజు నా కుర్చీలో దాని జుట్టు సగమే కత్తిరించి ఉంది, ఎక్కడికి పోతుంది? నిలదీశాను. "కన్నతల్లిని తలచుకోవడానికి అంత బరువేంటే నీకు?"

"బరువు కాదు పిన్నీ, భయం. గుర్తు చేసుకున్నప్పుడల్లా జ్ఞాపకం కాస్త మెత్తబడుతుంది. మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే రిసెప్టర్లుంటాయి, వాటి సాయంతో మళ్లీ గట్టిపడుతుంది. ఈలోపు ఏదైనా మారిపోవచ్చు. అందుకే అమ్మని కదపకుండా దాచుకున్నా."

"దాచుకుని?"

అద్దంలో దాని మొహం చిన్నబోయింది. "నిన్న అమ్మ నవ్వు గుర్తు తెచ్చుకోవాలనిపించింది. ఎంత వెతికినా రాలేదు పిన్నీ."

నా కోపం ఎటు పోయిందో పోయింది. కత్తెర పట్టుకునే అక్కలా నవ్వి చూపించాను. తల వెనక్కి వాల్చి, తొడ చరుచుకుంటూ, వీధి చివరిదాకా వినబడేలా. నా పార్లర్‌కి వచ్చేవాళ్లందరికీ ఈ నవ్వు తెలుసు.

అది కళ్లు చిట్లించింది. "అమ్మ తొడ ఎప్పుడు చరుచుకుంది? నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. చప్పుడే వచ్చేది కాదు, భుజాలు ఊగేవి. ఇలా..." అని చూపించబోయి నిజంగానే నవ్వేసింది. భుజాలు ఊగాయి. చివర్లో ముక్కులోంచి గుర్రుమని చిన్న చప్పుడు.

అచ్చం మా అక్కే. వినేవాళ్లు నవ్వుతున్నారు కదా అని ఎప్పుడో ఆ తొడ చరుపు నేనే తగిలించి ఉంటాను. చెప్పగా చెప్పగా అదే నిజమని నమ్మేశాను.

"ఇంకోసారి నవ్వవే," అన్నాను.

"మారిపోతుందేమో."

"మారితే నేను చెప్తాగా."

"నువ్వా? మార్చిందే నువ్వు."

"అయితే నన్ను నువ్వు దిద్దు, నిన్ను నేను దిద్దుతా. నాకున్నది ఒక్క అక్క, నీకున్నది ఒక్క అమ్మ. ఎవరి వాటా వాళ్లు దాచుకుంటే ఎలాగే?"

అది కళ్లు తుడుచుకుంది. "ఒకసారి మా అమ్మ," అంటూ తనే మొదలుపెట్టింది. నేను కత్తెర కింద పెట్టి పక్క కుర్చీలో కూర్చున్నాను.