అక్క వైపు కాలిబాట

అక్క రోజూ పొద్దున్నే కొట్టు తెరిచి, మిషను తుడిచి, సూదిలో దారం ఎక్కించి, ఎదురుగా ఉన్న చెల్లెలి కొట్టు వైపు చూసి కాసేపు కుళ్ళుకునేది. ఆ తర్వాతే పని. ఇద్దరూ దర్జీలే. చెల్లెలికి కత్తెర పట్టడం నేర్పింది ఈవిడే మరి.

ఆ వీధిలో కాలిబాటలు పెరుగుతాయి. మనుషులు తీరిగ్గా నడిచిన వైపు తెల్లారేసరికి కాస్త వెడల్పవుతుంది, బళ్ళు నిలబెట్టిన వైపు ముడుచుకుంటుంది. కార్పొరేషన్ వాళ్ళొచ్చి తెల్లగీత జరిపి గీసి, చేతులు దులుపుకుని పోతారు.

చెల్లెలి వైపు ఇప్పుడు రెండు మంచాలు వాల్చుకునేంత చోటుంది. చెట్లు లేచాయి, నీడన బల్లలు పడ్డాయి. కూర్చున్నవాళ్ళు ఊరికే ఉంటారా, ఏదో ఒకటి కుట్టించుకుంటారు. అక్క వైపు మాత్రం ఒంటికాలి మీద నిలబడాలి. పిల్లల బండి తోసుకొచ్చే తల్లులు సగంలోనే అటు దాటేస్తారు. ఇలాగే ఉంటే వానలు మొదలయ్యేలోపు కొట్టు మూసుకోవాల్సిందే.

"నా దగ్గర నేర్చుకుని నా నోట్లోనే మట్టి కొట్టింది," అని మొగుడి దగ్గర ఏడ్చింది. నువ్వూ నడవరాదూ అన్నాడాయన, తల ఎత్తకుండా.

నడిచింది. కొట్టు ముందు అడ్డంగా పెట్టే తన స్కూటర్‌ని ఇంట్లో పడేసి, సాయంత్రాలు పళ్ళు నూరుకుంటూ ఈ చివర్నించి ఆ చివరికి పచార్లు చేసింది. మనసులో ఏముందో బాటకి అక్కర్లేదు కాబోలు, పాదాలుంటే చాలు, పెరిగింది. ఈవిడ వెనకే ఇంకొందరు నడిచారు. అది చూసి అటు చెల్లెలూ తిరగడం మొదలుపెట్టింది. ఎంత ఓర్వలేనితనమో చూడండని అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఒక పొద్దున కొట్టు తెరిస్తే మధ్యలో రోడ్డే లేదు. రెండు బాటలూ కలిసిపోయాయి. బళ్ళు వెనక వీధిలోంచి పోతున్నాయి. ఎదురుగా, వాచిన కాళ్ళతో చెల్లెలు నిలబడి ఉంది.

"నువ్వెందుకే అంతలా తిరిగావు? నీకు గిరాకీ ఏం తక్కువైందని?"

చెల్లెలు తల వంచుకుంది. "వచ్చిన ప్రతివాళ్ళూ మీ అక్క కుట్టు ఊడదమ్మా అంటారు. నీ కొట్టు ఉన్నంతకాలం అంటూనే ఉంటారు. నువ్వు మూసేసుకోవాలని తిరిగానక్కా."

అక్కకి కోపం రావాలి. రాలేదు. ఎన్నేళ్ళకో కడుపులో చల్లగా అనిపించింది. లోపల్నించి రెండు కుర్చీలు తెచ్చి బాట మధ్యలో వేసి, చెల్లెల్ని కూర్చోమంది.

"ఇంకా ఏమేం అంటారో చెప్పు," అంది.