నిలబడిన అలిఫ్

తెల్లవారు నమాజు అయ్యి అందరూ వెళ్ళాక, సూదిపిల్ల మసీదులో చాపలమీద రాలిన అక్షరాలు ఏరేది. ఆ గోడల సంగతి అంతే. కుదరని అక్షరాన్ని పొద్దుటిదాకా మొయ్యవు. చీపురు తగలనివ్వకుండా వాటిని తెల్లగుడ్డలో మూటకట్టి, నాన్నకి తిరిగిచ్చేది.

నాన్న ముప్పయ్యేళ్ళుగా అక్కడ గోడలమీద అరబ్బీ అక్షరాలు రాసే మేస్త్రీ. ఆయన కాగితంమీద గీస్తే, ఆమె ఆ గీత వెంటే సూదితో చిల్లులు పొడిచి, గోడకానించి మసిమూటతో అద్దేది. గోడమీద పడిన చుక్కలు కలిపి రంగు నింపేదీ ఆమే. పాతికేళ్ళు దాటినా సూదిపిల్ల అన్న పేరు పోలేదు.

మొన్నటి వానల్లో నాన్న చేతికి వణుకొచ్చింది.

"మేస్త్రీగారూ, నిన్న మూడు, ఇవాళ ఐదు. పిందెల్లా రాలిపోతున్నాయండీ," అన్నాడు మసీదు బాగోగులు చూసే ముతవల్లి. "రేపు మొదటక్షరం అలిఫ్ కూడా చాపమీద కనబడిందో, నేను వేరే చెయ్యి వెతుక్కోవాలి. ఏమనుకోకండి."

"అనుకునేదేముంది? గోడ మొహమాటపడదుగా."

ఆ పూట నాన్న తక్కిన అక్షరాలతోపాటు అలిఫ్ గీశాడు. కలంతో పెట్టిన ఏడు చుక్కలంత ఎత్తు, చీమలబారులా వంకరటింకర.

"తిన్నగా ఉందా?"

"ఉంది నాన్నా."

"అలిఫంటే ఆ పైనున్న ఒక్కడే తల్లీ. పక్కనొచ్చే అక్షరం చెయ్యి పట్టుకోడు. ఆయనే తూలితే తక్కినవాళ్ళకి దిక్కేది?"

ఆమె కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆమె సూది ఆయన గీతని నూలుపోగంతైనా దాటలేదు. ఆ రోజు దాటింది. తల దగ్గర కాస్త లోపలికి, నడుము దగ్గర కాస్త బయటికి పొడుచుకుంటూ పోయింది. మిగతా అక్షరాలు మాత్రం ఆయన గీతమీదే పొడిచింది. అన్నీ మార్చేంత ధైర్యం లేదు.

మర్నాడు నాన్న కూడా వచ్చాడు. చాపమీద లామ్ ఉంది, మీమ్ ఉంది. అలిఫ్ గోడమీదే ఉంది.

ఆయన గోడ దగ్గరికెళ్ళి చాలాసేపు చూశాడు.

"ఇది నా చెయ్యి కాదు."

ఆమె తల దించుకుంది.

"నా అలిఫ్‌కి ముందునుంచీ కాస్త టెక్కు ఎక్కువ. ఇది ఎవరో పిలిస్తే లేచి నిలబడ్డట్టుంది."

అంతలో ముతవల్లి వచ్చాడు. చాపకేసి చూశాడు, గోడకేసి చూశాడు.

"వేరే చెయ్యి మీరు వెతకనక్కర్లేదండీ, దొరికింది," అన్నాడు నాన్న. జేబులోంచి రెల్లుకలం తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఇచ్చేటప్పుడూ చెయ్యి వణికింది.

"సూదీ నీ దగ్గరే ఉండనీ. ఆ గుడ్డ ఇటియ్యి. రేపట్నుంచి రాలినవి ఏరేది నేను."

"నావి ఎక్కువే రాలతాయేమో నాన్నా."

"రాలనీ. పొద్దున్నే నాకు మాత్రం ఏం పనుంది?"

మర్నాటినుంచి ఆయన రోజూ ఆ తెల్లగుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళాడు. చాలా రోజులు దాని మడత విప్పే పని పడలేదు.