సుడి పడ్డ మడి

ఇలా దగ్గరికి జరగండి. గింజంత దోమ ఇద్దరు తోడికోడళ్ల మధ్య పెట్టిన చిచ్చు సంగతి చెబుతాను.

పెద్దకోడలికీ చిన్నకోడలికీ గట్టు ఒకటే, మాటలే లేవు. మంచి మడి చిన్నదానికే పోయిందని పంపకాలనాటి నుంచీ పెద్దామె అనుమానం. ఆ ఏడు నాట్లప్పుడు చిన్నామె బారెడు బారెడుకీ జానెడు బాట వదిలింది, గాలి ఆడాలని. "ఖాళీ నేలకు కంకులు పడతాయా?" అని నవ్వి, పెద్దామె ఆ జానెడు కూడా వదలకుండా నాటించింది.

ముసురు పట్టి వదిలింది, ఉక్కపోసింది. గింజ పాలుపోసుకునే వేళకు పెద్దామె మడి నడుమ చాపంత మేర ఎండింది. మూడోనాటికి కళ్లమంత అయింది, ఎవరో గీత గీసి కాల్చినట్టు గుండ్రంగా సుడి పడింది. గట్టు అవతల పైరేమో పచ్చగా ఉంది. ఇంటిల్లిపాదీ ఏడాది తినే గింజలు ఈ ఒక్క మడివే.

"చిన్నది కలుపుమందు పోసింది, ఇంకేముంది!" అంది పెద్దామె మొగుడితో.

"చూశావా?"

"నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

మర్నాడు పొద్దు పొడవగానే గట్టు చాటున మాటు వేసింది. చిన్నామె రానే వచ్చింది. పెద్దామె మడిలోకే దిగి వంగింది. చేతిలో ఏదో తళుక్కుమంది.

"దొరికావే! ఏం పోస్తున్నావు?"

"పోయడమా? పళ్లెంతోనా? అరవకక్కా, వంగి చూడు."

దుబ్బు విడదీసి పళ్లెం మీదికి దులిపింది. నువ్వులు చల్లినట్టు గోధుమరంగు దోమలు, పక్కకు పక్కకు నడుస్తున్నాయి.

"సుడిదోమ. నీళ్లకు పైన, దుబ్బు మొదట్లో కూర్చుని రసం పీలుస్తుంది. మందెక్కడ కొట్టావు?"

"ఆకుల మీద." గొంతు తగ్గింది గానీ అనుమానం తగ్గలేదు. "నా మడిలో నీకేం పని?"

"నీది ఎండాక అవి ఎగిరొచ్చేది నా మడికేగా! చెబుదామంటే నన్ను చూసి తలుపేస్తివి."

పెద్దామె పళ్లెం లాక్కుని, గట్టు దాటి చిన్నామె దుబ్బులు తానే దులిపింది. నాలుగు దోమలు, వాటిని తినే సాలీళ్లు రెండు. బాటల్లో గాలి నేలదాకా ఆడుతోంది. తిరిగొచ్చి తన మడికి గండి కొట్టి నీళ్లు బయటికి వదిలేసింది. ఇద్దరూ చెరో కర్రతో దుబ్బులు పాయలు తీసి బాటలు చేశారు, మందు మొదళ్లకు కొట్టారు. సగం పైరు నిలిచింది.

కోతలయ్యాక కూడా పెద్దామె, చిన్నది జరిపిందేమోనని గట్టు కొలిపించింది లెండి, పుట్టుబుద్ధి పోతుందా!

ఇది మరిచిపోకండి, మీ పిల్లలకూ చెప్పండి. పైరు సుడి పడితే గట్టు అవతలికి కాదు, ముందు దుబ్బు మొదట్లోకి చూడమనండి.