దినకరన్ పాస్‌వర్డ్

సుగంధి రెండు డబ్బాల్లో పెరుగన్నం సర్దుతుంటే అత్తగారు కనకం వంటింటి గుమ్మంలో నిలబడి, "వాడి డబ్బాలో ఇంకో నాలుగు వడియాలు పెట్టు. కంప్యూటర్ ముందర తల పగలగొట్టుకునేది వాడే గదా," అంది. సుగంధి మూత తీసి పెట్టింది.

ఉప్పళంలో కాపురం. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఊళ్ళోని ప్రభుత్వ నూలుమిల్లులోనే ఉద్యోగం. దినకరన్ స్టోర్స్ సూపర్‌వైజర్, ఆమె ఆఫీసులో టైపిస్టు. 2005లో మిల్లుకు కంప్యూటర్లు వచ్చాయి. నష్టాల్లో నడుస్తున్న మిల్లు ఇకమీదట రోజూ స్టాకు వివరాలు కంప్యూటర్‌లోనే పైకి పంపాలన్నారు. ఎవరి పేరున వాళ్ళకు పాస్‌వర్డులు ఇచ్చారు. దినకరన్ మూడు రోజులు శిక్షణకు వెళ్ళాడు. నాలుగో రోజు తన పాస్‌వర్డు చీటీ మీద రాసి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు టైపు కొట్టేదానివే గదా. దీంట్లో పెద్దగా ఏముండాది?"

ఆనాటి నుంచి మధ్యాహ్నం అందరూ అన్నాలు తినే వేళ ఆమె స్టోర్స్ గదిలో కూర్చునేది. పాత రిజిస్టర్లలో ఒకే బేరింగు మూడు పేర్లతో ఉండేది. ఒక పేరు కింద లేదని కొత్తది తెప్పించేవాళ్ళు, ఇంకో పేరు కింద అదే అరలో తుప్పు పట్టేది. ఇన్నేళ్ళూ ఇది ఎవరి కంటా పడలేదా అని ఆశ్చర్యపోయింది. పేర్లన్నీ విప్పి, కలిపి, వరుసలో పెట్టింది. ఆ ఏడు విడిభాగం దొరక్క ఆగిపోయిన మిషను ఒక్కటీ లేదు. జనరల్ మేనేజర్ గోవిందరాజన్ మీటింగులో దినకరన్‌కు శాలువా కప్పాడు. ఆ ప్రశంసాపత్రం టైపు చేసిందీ సుగంధే. 'స్వయంకృషితో' అన్న మాట దగ్గర వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

పద్నాలుగు నెలలకు మిగులు సిబ్బంది జాబితా నోటీసుబోర్డు మీద పెట్టారు. ఎవరి పేరున ఎంత పని జరిగిందో కంప్యూటరే చెప్పిందట. ఆఫీసు కాగితాలు టైపు మిషను మీద, స్టాకు లెక్కలు మొగుడి పేరున పోయాయి గనక డి. సుగంధి పేరుకెదురుగా సున్నా ఉంది.

"పోనీలే. ఇంట్లో ఉండు. అమ్మకు మోకాళ్ళు కూడా బాగాలేవు," అన్నాడు దినకరన్ చొక్కా విప్పుతూ.

"ఆ పని నేను చేసినానని చెప్పండి."

"చెప్తే పాస్‌వర్డు ఇచ్చినందుకు నా మీదికొస్తాది. నీకు పోయేది ఉద్యోగమే. నాకు పరువు."

ఉద్యోగమే. ఆ 'ఏ' ఆమె చెవిలో ముల్లులా గుచ్చుకుంది. పన్నెండేళ్ళుగా పొద్దున నాలుగున్నరకు లేచి, పిండి రుబ్బి, ఇద్దరి బట్టలూ ఉతికి, అతని వెనక పరుగెత్తుకుంటూ వెళ్ళి చేసింది అతని లెక్కలో అంతే.

మర్నాడు ఆమె అర్జీ తీసుకుని గోవిందరాజన్ గదికి వెళ్ళింది.

"ఏమ్మా, మొగుడి మీదనే పెటిషనా?"

"మొగుడి మీద కాదు సార్. నా పని కోసరం."

ఆయన దినకరన్‌ను పిలిపించి, ఒక్క రసీదు ఎక్కించి చూపించమన్నాడు. దినకరన్ తెర ముందు కూర్చున్నాడు. మౌస్ అటూ ఇటూ జరిపాడు. ఇంట్లో తువ్వాలు కనబడనప్పుడు చూసినట్టే ఆమె వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

వారంలో ఇద్దరికీ ఛార్జిమెమోలు వచ్చాయి. అతన్ని గోడౌనుకు మార్చారు. ఇతరుల పాస్‌వర్డు వాడినందుకు విచారణ ముగిసేదాకా ఆమెను సస్పెండు చేశారు.

"ఇప్పుడు తృప్తేనా? యాడా తలెత్తుకోలేకుండా చేసినావు," అన్నాడు దినకరన్. కనకం లోపల్నించి ఏడుపు అందుకుంది.

సుగంధి మెమో విప్పింది. 'పద్నాలుగు నెలల స్టోర్స్ ఎంట్రీలన్నీ డి. సుగంధి అను టైపిస్టు ఒక్కరే చేసినట్లు ప్రాథమిక విచారణలో తేలినది.' ఇంట్లో గానీ మిల్లులో గానీ ఆ మాట ఇంతవరకూ ఒకరూ అనలేదు. చివరికి నేరంగానే అన్నారు. ఆమె రెండోసారి నిదానంగా చదువుకుని, పెన్ను తీసి జవాబు రాయడం మొదలుపెట్టింది:

'ఆరోపణ నిజం. ప్రతి అక్షరమూ నాదే.'