బోదిల్ కుట్టిన తొమ్మిదో పటం

పదిహేడో గాలిపటం మీద థోర్కిల్ పెద్దగా ఆశలేం పెట్టుకోలేదు. ముక్కు కిందికి పెట్టి, ఇసుకకు జానెడు ఎత్తున, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు కదలకుండా నిలబడితే చాలనుకున్నాడు. నిలబడితే అక్క బోదిల్ కొట్లోనే ఉంటుంది. నిలబడకపోతే సోమవారం నుంచి ఎస్బియర్ రేవులో తెరచాపలు కుట్టే కార్ఖానాకు పోతుంది. అక్కడివాళ్ళు ఆమెకు కుట్టుమిషను కూడా చూపించి పెట్టారు.

ఇద్దరిదీ ఒకే గాలిపటాల కొట్టు. ఆవిడ కుడుతుంది, ఇతను అమ్ముతాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ పంపకంలో ఎవరూ నష్టపోలేదు. మూడేళ్ళ కిందట బోదిల్ నాలుగు దారాల పటాల జోలికి పోయింది. చేతికొక పిడి, పిడికి రెండు దారాలు. పై దారాలు రెండూ పటాన్ని ముందుకు లాగుతాయి, కింది దారాలు రెండూ వెనక్కి పట్టి ఆపుతాయి. ఎగరడం ఏ పటమైనా ఎగురుతుంది, చెప్పినచోట ఆగే పటం కావాలి ఆవిడకు. ఒకటి కుట్టింది, ఆగలేదు. ఇంకొకటి కుట్టింది. పదహారు కుట్టింది. అన్నిటిదీ ఒకటే రోగం, పైకి లేవమంటే మొండికేసి వెనక్కి జరగడం. ఒకదానికి పుల్లలు మార్చింది, ఇంకొకదానికి పైఅంచున జాలీ గుడ్డ వెడల్పు చేసింది, మరొకదానికి రెక్కలే తిరగేసింది. రోగం మాత్రం కుదరలేదు.

జూన్ నెల, ఫానో దీవి. ఆ వారం గాలిపటాల పండగ, ఇసుక మీద మనిషికొక పటం, పటానికొక అభిప్రాయం. బోదిల్ పిడులు అందుకుంది.

"లెక్కపెట్టరా," అంది.

"ఒకటి రెండు మూడు..."

"ఏంట్రా ఆ పరుగు, పడవ దాటిపోతుందా? మనిషిలా లెక్కపెట్టు."

థోర్కిల్ మళ్ళీ మొదలుపెట్టాడు. మూడు దాకా పటం బాగానే నిలిచింది. నాలుగు దగ్గర వణికింది. ఐదనేలోపు ముక్కు ఇసుకలో దిగబడింది.

"ఐదు," అన్నాడు.

"నాలుగున్నర."

"నాలుగున్నరంటే దాదాపు సగం కదే అక్కా. పదహారోది రెండు దాకానే వచ్చింది. ఆ లెక్కన చూస్తే..."

"గుడ్డలో సగం మీటరు తగ్గించి ఇస్తే నీ దగ్గర ఎవరన్నా కొంటార్రా? చాలు. సోమవారం పోతున్నా."

ఆవిడ గొంతులో కోపం లేదు. థోర్కిల్‌కు అందుకే భయం వేసింది. కోపంగా ఉన్నవాళ్ళతో బేరం సాగుతుంది, అలసిపోయినవాళ్ళతో సాగదు. కుట్టే చెయ్యి పోతే మిగిలేది అమ్మే నోరు ఒక్కటే. దానితో కొట్టు ఎన్నాళ్ళు నడుస్తుందో అతనికి బాగా తెలుసు.

బోదిల్ దారాలు చుట్టబోతూ తలెత్తింది. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది. అవతల, వరసగా నిలిపిన కార్ల పక్కన, ఊదా పసుపు రంగుల పటం ఒకటి ఆకాశంలో నిలబడి ఉంది.

"అది నా తొమ్మిదోది."

"అలాంటివి బోలెడుంటాయక్కా."

"ఎడమ రెక్కకు నా పచ్చ వానకోటు ముక్క వేసినవి కూడా బోలెడుంటాయా?"

థోర్కిల్ సముద్రం వైపు చూశాడు. అటు నుంచి సాయమేమీ రాలేదు.

"పాడైన పటాలు చింపి సంచులు కుట్టించానన్నావు."

"కుట్టించాను."

"ఎన్ని?"

"ఒకటి."

నిజానికి సంగతి చిన్నదే. మొదటి పటం విఫలమైనప్పుడు దాన్ని సంచి చేద్దామనే కొట్లో పెట్టాడు. ఒక హాలండు ఆయన చూసి ఇదేమిటన్నాడు. ప్రయోగానికి చేసినది, దీనికి జత లేదు, ఇక రాదు అన్నాడు థోర్కిల్. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. బాగా ఎగిరే పటానికి ఇచ్చేదానికి రెట్టింపు ఇచ్చి పట్టుకుపోయాడు హాలండు ఆయన. ఆ రోజు నుంచి అక్క ఓడిపోయినప్పుడల్లా తమ్ముడు గెలుస్తూ వచ్చాడు. ఈ మాట ఆమెకు చెబితే సిగ్గుతో కుట్టడం మానేస్తుందని దాచాడు. దాచినందువల్ల ఆవిడ కుడుతూనే ఉంది, కొట్టు నడుస్తూనే ఉంది. తన లెక్క ప్రకారం అందరికీ లాభమే.

బోదిల్ అప్పటికే అటు నడుస్తోంది. థోర్కిల్ పదిహేడో పటాన్ని చంకన పెట్టుకుని, దారాలు పోగుచేసుకుని వెనకే పరుగెత్తాడు.

పటం ఎగరేస్తున్న మనిషి పేరు వీబ్కే. హూసుమ్ ఊళ్ళో పడవ ఇంజన్లు బాగుచేస్తుంది. ఇసుక మీద కాఫీ ఫ్లాస్కు పెట్టి, దాని మూతకు వేలెడు పైన పటం ముక్కు నిలిపి, ఒక చేతి పిడిని మోకాళ్ళ మధ్య ఇరికించి రొట్టె తింటోంది. బోదిల్ పెదవులు కదిలాయి. లోపల్లోపల లెక్కపెట్టుకుంటోంది. ముప్పై దాటాక పెదవులు ఆగిపోయాయి. పటం కదలలేదు.

వీబ్కే థోర్కిల్‌ను గుర్తుపట్టింది. "మీరే కదండీ నాకిది అమ్మింది! దీన్ని చేసినావిడ మహా మనిషని, ఎవరితోనూ మాట్లాడదని చెప్పారు."

"ఇవాళ్టి నుంచి అది నిజమవుతుందిలెండి," అంది బోదిల్. "చేసింది నేనే. ఏం మార్చారు దీనికి? పుల్లలా, ముడులా?"

"ఏమీ మార్చలేదండీ. సంచిలోంచి తీశాను, నా దారాలు కట్టాను, ఎగరేశాను. మొదటి రోజే ఇలా నిలబడింది."

బోదిల్ ముఖం చూసి థోర్కిల్‌కు ఏదో ఒకటి అనాలనిపించింది. ఏమన్నా నష్టమే అనిపించి, పదిహేడోదాన్ని చంక మార్చుకున్నాడు.

"నా దారాలతో ఒక్కసారి ఎగరెయ్యనిస్తారా?" అని అడిగింది బోదిల్.

వీబ్కే సరేనంది. బోదిల్ తొమ్మిదోదానికి తన దారాలు తగిలించి పిడులు లాగింది. పటం లేచినట్టే లేచి, అలిగిన మేకలా వెనక్కి వెనక్కి జరిగి ఇసుక మీద చతికిలబడింది.

"ఇదిగో, నేనెరిగిన తొమ్మిది ఇదీ."

వీబ్కే రొట్టె పక్కన పెట్టింది. పటం వైపు చూడలేదు, దారాల వైపు చూసింది. "ఎన్నాళ్ళవండీ ఇవి?"

ఈ ప్రశ్నకు థోర్కిల్ దగ్గర మంచి జవాబుంది. "మూడేళ్ళుగా, మొదటి పటం నుంచీ ఇవేనండీ. పదిహేడిటినీ వీటితోనే పరీక్షించాం. పటం పటానికీ తూకం రాయి మారిస్తే తూకానికి విలువేముంటుంది?"

వీబ్కే ఇసుకలో మేకు దిగ్గొట్టింది. నాలుగు దారాల కొసలూ దానికి తగిలించి, రెండో చివరకు నడిచి, నాలుగింటినీ కలిపి బిగలాగింది. రెండు సమంగా వచ్చాయి. మిగతా రెండూ నాలుగు వేళ్ళు పొడుగున్నాయి.

"పై దారాలివే కదా? బరువంతా వీటి మీదే. కొత్త దారం మొదటి వారంలోనే సాగుతుంది, ఇక మూడేళ్ళు లాగితే? పైవి సాగితే కిందివి పొట్టివైనట్టే. మీరు ఎగరేసిన ప్రతి పటానికీ పుట్టుకతోనే కళ్ళెం బిగించి ఉంది."

థోర్కిల్ జీవితంలో చాలా తూకాలు చూశాడు. తప్పుడు రాయితో అమ్మినవాళ్ళను చూశాడు. తప్పుడు రాయితో మూడేళ్ళపాటు తన సరుకునే తక్కువ తూచుకున్నవాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు. తూకం రాయి కూడా అరుగుతుందని అతనికి తట్టనే లేదు.

"వారం వారం దారాలు కొలుద్దామని మొదట్లో నేనే అన్నాను," అంది బోదిల్ మెల్లగా.

"నేనేమన్నాను?"

"అరగంట దండగన్నావు."

"నువ్వు ఒప్పుకున్నావు కదే!"

"ఒప్పుకున్నాను. అదేరా నా మంట."

పదిహేడోదాన్ని వీబ్కే దారాలకు తగిలించి చూశారు. అది పిడి ఆడించకముందే పైకి దూసుకుపోయి, వాళ్ళ నెత్తి మీదుగా పల్టీకొట్టి, వెనక కారు టాపు మీద దభీమని పడింది. కారులో కునుకు తీస్తున్న పెద్దాయన అద్దం దించి, ఏదో జర్మనులో అని, అద్దం ఎత్తేశాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు థోర్కిల్.

"మంచి వేగం ఉందంటున్నాడు," అంది వీబ్కే.

బోదిల్ ఇసుకలో కూలబడింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని థోర్కిల్ దగ్గరికి పోయాడు. ఆవిడ నవ్వుతోంది. "పదిహేడోది మన దారాల జబ్బుకు కనిపెట్టిన మందురా. జబ్బు లేనివాడికి పోస్తే ఇలాగే ఎగిరిపడతాడు." కళ్ళు తుడుచుకుంది. "సరే, తక్కినవి ఎక్కడున్నాయి?"

"రెండు హాలండులో. ఒకటి బ్రెస్ట్‌లో పళ్ళ డాక్టరు దగ్గర. నాలుగో ఐదో నార్వేలో. ఎవరెవరికిచ్చానో అందరివీ చిరునామాలున్నాయి."

"సంచి చేసింది ఏది?"

థోర్కిల్ గొంతు తగ్గించాడు. "పదోది."

"పదోదా! అన్నిటికంటే బాగా కుట్టింది అదేరా!"

"సంచీ కూడా చాలా గట్టిగా ఉందక్కా."

ఈసారి నవ్వింది వీబ్కే. ఆ నవ్వు చూసి థోర్కిల్‌కు ధైర్యం వచ్చింది. నవ్వే మనిషి దగ్గర బేరం మొదలుపెట్టడం అతనికి అలవాటు. తొమ్మిదోదాన్ని తిరిగి ఇచ్చేస్తే ఆమె ఇచ్చిన ధరకు పైన ఎంతన్నా ఇస్తానన్నాడు. బదులుగా కొత్తగా కుట్టేవాటిలో మొదటిది ఉచితమన్నాడు. ప్రతి ఏడూ దారాలు ఉచితమనబోయి, ఆ మాట మింగేశాడు.

"ప్రపంచంలో ఇదొక్కటేనని మీరే చెప్పారు కదండీ," అంది వీబ్కే. "ఒక్కటే ఉన్నదాన్ని అమ్ముకుంటానా?"

థోర్కిల్ తన మాటలు ఇంత చక్కగా పనిచేయడం ఎప్పుడూ ఎదుటి పక్క నుంచి చూడలేదు.

"ఇవ్వను గానీ, కొలతలు కావాలంటే తీసుకోండి," అని వీబ్కే బోదిల్ వైపు తిరిగింది. "ఎంతసేపైనా కొలుచుకోండి. ఆ దారాలతో మాత్రం వద్దు."

బోదిల్ లేచి, చేతుల ఇసుక దులుపుకుని, ఫోను తీసింది. నాలుగడుగులు అటు వెళ్ళింది గానీ గాలి ఇటే వీస్తోంది, మాటలన్నీ వినిపిస్తున్నాయి. థోర్కిల్ కదలకుండా నిలబడ్డాడు.

"నేనండీ, బోదిల్‌ని... సోమవారం కుదరదండీ... లేదు, ఆ తర్వాతి సోమవారం కూడా... అసలు రాననే అనుకోండి. మిషను చాలా బాగుంది, దాని తప్పేం లేదు... మా తమ్ముడికి ఒంట్లో బాగాలేదు, దగ్గరుండి చూసుకోవాలి... ఉంటానండీ."

ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చింది.

"నాకేమైందే?" అన్నాడు థోర్కిల్.

"ఇంకా ఏం కాలేదు. ఇంటికెళ్ళాక అవుతుంది."

ఆమె తొమ్మిదోదాన్ని ఇసుక మీద వెల్లకిలా పరిచి, ఎగిరిపోకుండా ఒక అంచు మీద కూర్చోమని సైగ చేసింది. అతను కూర్చున్నాడు.

"బరువంతా వెయ్యకురా, పుల్ల విరుగుతుంది," అంది బోదిల్, టేపు విప్పుతూ.